ఇరవై ఐదు హాగెన్

2012 నవంబర్ 8, గురువారం

ఈరోజు ఆర్లో ఫిస్క్ షాపుకి వెళ్ళాను. డ్రాయింగ్ పట్టుకెళ్ళాను. రెండు చలికాలాల పాటు గ్రాఫ్ పేపర్ మీద గీసి, చెరిపి, మళ్ళీ గీసిన డ్రాయింగ్. దుకాణంలో దొరికే .308 తూటా ఇత్తడి కేసు తీసుకుని, దాని మూతిని పావు అంగుళానికి, అంటే ఇరవై ఐదుకి నొక్కి, మెడ కింద వాలుగా ఉండే భుజాన్ని కాస్త ముందుకు జరిపితే వచ్చేదన్నమాట. ఏ కంపెనీ తయారుచెయ్యదు. కావాలంటే మనమే చేసుకోవాలి. అందుకే ఇలాంటివాటిని వైల్డ్‌క్యాట్, అంటే అడవి పిల్లి, అంటారు, ఎవరి ఇంటి పిల్లీ కాదు కాబట్టి.

ముసలాయనకి ఎనభై. ఈ జూడిత్ నది లోయ మొత్తంలో రైఫిల్ కట్టడమంటే ఆయన తర్వాతే ఎవరైనా. కానీ ఆయనకొక పద్ధతుంది. పని ఒప్పుకునే ముందు ఒకటే ప్రశ్న అడుగుతాడు. ఎందుకు? దుకాణంలో తూటా చెయ్యని పని ఇదేం చేస్తుంది? పోయినేడాది బిల్లింగ్స్ నుంచి పళ్ళ డాక్టరొకడు అచ్చువేసిన కాగితాలతో వచ్చి గంటసేపు జవాబు చెప్పాడు. అంతా విని, బాబూ నీకు అన్నీ తెలుసు, వెళ్ళి దుకాణంలో కొనుక్కో అని పంపేశాడు.

నేను కారులో మూడు జవాబులు వల్లెవేసుకుంటూ వెళ్ళాను. ఒకటి, నా కుడి భుజం. టపా వేస్తూ మంచు మీద జారిపడ్డప్పుడు వేసిన ప్లేటు, ఎనిమిది స్క్రూలు. పెద్ద రైఫిల్ పేలుతూ వెనక్కి తన్నే తన్ను తట్టుకోలేను. రెండోది, మూడు వందల గజాల దూరంలో జింక. మూడోది మర్చిపోయాను. తీరా ఆయన అడిగేసరికి మొదటి రెండూ కూడా గొంతు దాటలేదు. “తెలీదండీ. ఉంటే ఎలా ఉంటుందో చూడాలని,” అన్నాను. పరీక్షలో తప్పిన పిల్లలా నిలబడ్డాను.

డ్రాయింగ్‌ని చాలాసేపు చూశాడు. చివరికి, పిడికి వాల్‌నట్ కర్రా, మేపుల్ కర్రా అని అడిగాడు. ఒప్పుకున్నట్టే.

పళ్ళ డాక్టరుని కాదని నన్నెందుకు ఒప్పుకున్నాడో అర్థం కాలేదు.

నవంబర్ 9

డ్వేన్‌కి చెప్పాను. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదేనన్నాడు మా ఆయన. దుకాణంలో .243 తూటా ఉండగా ఇదేం పిచ్చి పోస్టమ్మా అన్నాడు. రిటైరై ఏడాదిన్నరైనా ఆ పిలుపు మానలేదు.

అసలు కారణం ఆయనకీ చెప్పలేదు, ఆర్లోకీ చెప్పలేదు. ఇక్కడ రాసుకుంటే తప్పేముంది. వైల్డ్‌క్యాట్‌కి మొదట ఎవరు బ్యారెల్‌లో గది తొలిపించి కాలిస్తే వాళ్ళ పేరే దానికి. బ్యారెల్ మీద ఉక్కులో కొడతారు. ముప్పై ఒక్క ఏళ్ళు రోజుకి నాలుగు వందల ఉత్తరాల డబ్బాల్లో ఊళ్ళోవాళ్ళ పేర్లు పంచాను. నా పేరు ఒక్కచోట, చెరగని చోట, చూసుకోవాలని ఉంది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, డ్రాయింగ్ మూలన ఎప్పుడో రాసేసుకున్నాను: .25 హాగెన్.

2013 మార్చి 19

రీమర్ వచ్చింది. ఓరెగాన్ నుంచి, నూనె కాగితంలో చుట్టి. బ్యారెల్ లోపల తూటా కూర్చునే గదిని, చాంబర్‌ని, తొలిచేది ఇదే. నా వేలంత పొడవు, ఆరు పదునులు. నేను గీసిన గీతలన్నీ ఉక్కులో ఉన్నాయి. పొద్దుటి నుంచి కిటికీ దగ్గర కూర్చుని తిప్పి తిప్పి చూశాను. డ్వేన్ రెండుసార్లు కాఫీ ఇచ్చి, ఇంకా చూస్తున్నావా అన్నాడు.

ఏప్రిల్ 11

చాంబర్ తొలిచారు. నన్ను పక్కనే నిలబడనిచ్చాడు. లేత్ నెమ్మదిగా తిరుగుతుంది, ఆయన రీమర్‌ని కొంచెం లోపలికి తోస్తాడు, బయటికి తీస్తాడు, తుడుస్తాడు, నూనె పోస్తాడు, మళ్ళీ తోస్తాడు. రెండు గంటలు ఇదే. మధ్యలో మాట్లాడితే వినిపించుకోడు. నేను అడగాలనుకున్న ఇరవై ప్రశ్నలూ నా నోట్లోనే ఉండిపోయాయి.

ఆయనకి ఇంకో నియమం. పేరు కొట్టని బ్యారెల్‌లోంచి ఒక్క గుండు కూడా పేల్చనివ్వడు. ఇది మామూలు చాదస్తం కాదు. కట్టించినవాడికి లోపలేముందో తెలుసు. వాడు పోయాక మనవడు సేఫ్ తెరిచి, చేతికందిన తూటా కూరి ముఖం పేల్చుకుంటాడు. కాబట్టి ముందు పేరు. ఉక్కు అక్షరాల అచ్చులు, ఒక్కో అక్షరానికి ఒకటే సుత్తి దెబ్బ. రెండోసారి కొడితే జోడు గీత పడుతుంది. బ్యారెల్‌ని బిగించే రిసీవర్‌కి వేలెడు ముందు, పైనే, ఐదు అక్షరాలు కొట్టాడు. ఒక్కటీ వంకర పోలేదు.

షాపు వెనక ఇసుక గుట్టలోకి మొదటి గుండు నేనే పేల్చాను. భుజం నొప్పి లేదు. నవ్వొచ్చింది, చాలాసేపు నవ్వాను. ఆయన మాత్రం నవ్వలేదు, పేలిన కేసుని వెలుతురులో పెట్టి దాని మెడ వైపే చూస్తూ ఉన్నాడు.

ఏప్రిల్ 12

పొద్దుటి నుంచి నాలుగుసార్లు సేఫ్ తెరిచి చూశాను. పేరు అక్కడే ఉంది.

డ్వేన్ అది తన ఇంటిపేరేనని, పుణ్యం తనదేనని అంటున్నాడు. నలభై ఏళ్ళు మోశాక అది నాది.

మే 4

ఇల్లలకగానే పండగ కాదు. రేంజికెళ్ళి వంద గజాల్లో మూడు గుళ్ళు కాల్చాను. మూడూ ఒక అంగుళంలో పడాలి. మూడు అంగుళాల మేర పడ్డాయి. కొత్త బ్యారెల్ కదా, అలవాటు పడాలేమో.

మే 18

తూటా మందు మార్చాను. మూడున్నర అంగుళాలు.

జూన్ 9

గుళ్ళు మార్చాను, మందుకి నిప్పంటించే ప్రైమర్లు మార్చాను, టెలిస్కోపు విప్పి మళ్ళీ బిగించాను. రేంజిలో గస్ పెట్రాక్ అని ఒకడుంటాడు, అడగకుండా సలహా ఇస్తాడు. వాడిచేత కూడా కాల్పించాను. వాడికీ అంతే. నా గుళ్ళన్నీ గింజలు ఒలకబోసినట్టు పడుతున్నాయి. నీ పేరు గురి చూసి కొట్టట్లేదన్నాడు గస్. వాడితో వారం మాట్లాడను.

కానీ కోపం కంటే ఆరాటమే ఎక్కువగా ఉంది. ఎక్కడో ఏదో ఉంది. ఒక అంకె, ఒక గీత. డ్రాయింగ్ మళ్ళీ బల్ల మీద పరిచాను. అన్నీ సరిగ్గానే కనిపిస్తున్నాయి. నేను గీసింది కదా, నా కంటికి సరిగ్గా కనిపించక ఏం చేస్తుంది.

జూలై 2, మధ్యాహ్నం

రైఫిల్, టార్గెట్ కాగితాలు, పేలిన కేసులు అన్నీ పెట్టెలో వేసుకుని ఆర్లో దగ్గరికి పోయాను. కాగితాలన్నీ బెంచీ మీద పరిచాడు. మెడ పొట్టిగా ఉంది, గుండుని తిన్నగా పట్టుకోలేకపోతోంది అన్నాడు. నేను మందు ఎక్కువ పట్టాలని ఆశపడి భుజాన్ని ముందుకు జరిపాను కదా, ఆ జరిపినంతా మెడలోంచే పోయింది. మొదటిరోజు డ్రాయింగ్ చూడగానే మీకు తెలుసు కదా అని అడిగాను. తెలుసన్నాడు. మరెందుకు చెప్పలేదన్నాను.

లేచి, కొలత సాధనాలుండే సొరుగు అడుగు నుంచి ఒక మడత కాగితం తీశాడు. ధాన్యం నిల్వచేసే ఎలివేటర్ వాళ్ళ ఆర్డర్ ఫారం వెనక పెన్సిల్‌తో గీసిన తూటా. అదే .308 కేసు, అదే ఇరవై ఐదు, అదే ముప్పై డిగ్రీల భుజం. మెడ మాత్రం నా దానికంటే పొడుగు. గీతలు నా గీతల కంటే శుభ్రంగా ఉన్నాయి. కింద 1985 జనవరి అని, బి.ఎఫ్. అని ఉంది.

బెర్నిస్. ఆయన భార్య. పోయి పదేళ్ళయింది.

ఆయన చెప్పాడు. తలెత్తకుండా, పనిలో మాట్లాడినట్టే చెప్పాడు. ఆ ఏడాది ఫిబ్రవరిలో రీమర్ చేసేవాళ్ళ దగ్గర్నుంచి కవరొచ్చింది. షాపు డబ్బాలో వచ్చింది కాబట్టి పేరు చూడకుండా చించాడు. లోపల ఈ డ్రాయింగు, వాళ్ళ జవాబు. మీరు పంపినట్టే చేస్తాం, సరేనంటే మొదలుపెడతాం అని. ఆ సాయంత్రం భోజనాల దగ్గర కవరు ఆవిడ ముందు పెట్టి నవ్వాడు. ఇదెందుకు, దుకాణంలో తూటా చెయ్యని పని ఇదేం చేస్తుంది అని అడిగాడు. ఆవిడ చెప్పలేకపోయింది. ఏం లేదులే అని బంగాళాదుంపలు వడ్డించింది. ఆ తర్వాత ఆ ఊసు ఎత్తలేదు. ఇద్దరూ ఎత్తలేదు.

“నువ్వూ చెప్పలేకపోయావు చూడు. ఈసారి నవ్వకూడదనుకున్నా,” అన్నాడు.

కాగితంతో పాటు ఆ కవరూ దాచాడు, అదీ తీసి బెంచీ మీద పెట్టాడు. కవరు చూస్తున్నాను. మిసెస్ బెర్నిస్ ఫిస్క్ అని టైపు చేసి ఉంది, ఇంటి నంబరుతో సహా. ఎడమ మూలన పెన్సిల్‌తో ‘షాప్’ అని రాసి ఉంది. ఆ రాత నాది.

జూలై 2, సాయంత్రం

ఆయనకి చెప్పకుండా వచ్చేశాను.

ఫిస్క్ వాళ్ళకి రెండు డబ్బాలు. షాపు హైవే పక్కన, ఇల్లు గుట్ట మీద అర మైలు లోపలికి. మంచు పడితే ఆ అర మైలు నరకం. పనిముట్ల టపాలా కనిపించిందల్లా మూలన ‘షాప్’ అని రాసి కింది డబ్బాలోనే తోసేసేదాన్ని. గుట్ట ఎక్కక్కర్లేకుండా. తుపాకీ సామాను ఆడవాళ్ళకేం వస్తుందిలే అని కూడా అనుకుని ఉంటాను. ఇరవై ఐదు గురించి గీతలు గీసే నేనే.

ఆ కవరు నాకు గుర్తు లేదు. గుర్తు తెచ్చుకోవాలని చూశాను, రావడం లేదు. ఆవిడ మాత్రం గుర్తుంది. ప్రతి క్రిస్మస్‌కీ ఇంటి డబ్బాలో నాకోసం చోక్‌చెర్రీ జెల్లీ సీసా పెట్టేది. సీసా మీద చీటీ, దాని మీద నా పేరు.

జూలై 3

రాయడానికేం లేదు.

జూలై 15

హైవే మీద షాపు దాకా వెళ్ళి తిరిగొచ్చేశాను.

జూలై 22

మళ్ళీ అంతే. పెట్రోలు దండగ.

జూలై 30

డ్వేన్ పట్టేశాడు. మొహం అలా వేలాడదీసుకుని తిరుగుతున్నావేమని అడిగాడు. చెప్పేశాను. ఎప్పటిదో ముప్పై ఏళ్ళ కిందటి కవరు, నువ్వు పేరు మార్చి రాశావా ఏమన్నా, వదిలెయ్ అన్నాడు. పైగా ఆవిడ గీసిన మెడతోనే కొత్తగా తొలిపించుకున్నా, మొదట కాల్చేది నువ్వే కాబట్టి పేరు నీదేనన్నాడు. కాగితం మీద తూటా పేలదు కదా. గస్‌ని అడిగినా అదే చెప్తాడు. ఆర్లో కూడా అదే చెప్తాడు. రూలు పూర్తిగా నా వైపే ఉంది. అదే నాకు మింగుడు పడడం లేదు.

నిజం రాయాలి. ఆ కాగితం చూసినప్పుడు మొదట కలిగింది పశ్చాత్తాపం కాదు, అసూయ. చచ్చిపోయిన మనిషి మీద. నాకంటే బాగా గీసిందని.

ఆగస్టు 16

చెప్పేశాను.

ఆయన లేత్ మీద ఉన్నాడు. ఆపమన్నాను. నా మాట మీద ఆయన లేత్ ఆపడం ఇదే మొదలు. కవరు తీయమని, మూలన రాత నాదని, గుట్ట ఎక్కడానికి బద్ధకమేసి ఇంటి ఉత్తరం కింద పడేశానని, ఒకే గుక్కలో చెప్పాను. ఆయన కోప్పడతాడనుకున్నాను, లేదా పోనీలే అంటాడనుకున్నాను. రెండూ కాదు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

“ఆ రాత బెర్నిస్‌ది అనుకున్నా ఇన్నాళ్ళూ,” అన్నాడు.

అప్పుడు తెలిసింది నేనేం చెప్పానో. ఆయన లెక్క ప్రకారం, ఇంటికొచ్చిన కవరు మీద ఆవిడే ‘షాప్’ అని రాసి షాపు డబ్బాలో పెట్టింది. నోటితో అడగలేక, ఆయన చూడాలని, చూసి చేసిపెట్టాలని. ఆయన నవ్వాడు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆయన మోస్తున్నది అదీ. అడిగిన మనిషిని నవ్వి పంపేశానని.

“అయితే బెర్నిస్ నన్నడగలేదన్నమాట,” అన్నాడు. మళ్ళీ అదే మాట ఇంకోసారి అన్నాడు. బరువు దిగిందో, ఇంకోటి ఎక్కిందో ఆయన మొహంలో నాకు తెలియలేదు. నన్ను అడగకుండా ఎవరిచేత చేయించుకోవాలనుకుందో అని నన్నే అడిగాడు. నాకేం తెలుసు? రీమర్ చేతికొచ్చాక మీ ముందు పెడదామనుకుందేమో, మీ కస్టమర్లందరిలాగే అన్నాను. తల ఊపాడు. నమ్మాడో లేదో.

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, క్షమించమన్నాను. అప్పుడు మాత్రం కసిరాడు.

“వేసింది నువ్వు. చించింది నేను. నవ్వింది నేను. మూడింట్లో నీ వాటా ఒకటే, మార్లిస్. అంతకంటే ఎక్కువ పట్టుకుపోకు.”

లేత్ ఆన్ చేశాడు. ఇక వెళ్ళమని అర్థం.

ఆగస్టు 19

ఆ పాత జవాబు మీద ఆర్డర్ నంబరుంది, రాసుకొచ్చాను. ఓరెగాన్‌కి ఫోన్ చేశాను. యజమానులు మారారట, ఎత్తిన అమ్మాయి గొంతు వింటే 1985కి పుట్టినట్టు కూడా లేదు. నంబరు చెప్పాను. కింద పాత కార్డులున్నాయి, చూసొస్తానంది. పదకొండు నిమిషాలు పట్టుకున్నాను. ఎందుకో ఫోన్ పెట్టేస్తే అంతా పోతుందనిపించింది.

ఉందట. కార్డు ఉందట. దాని మీద ఎర్ర సిరాతో, కస్టమరు జవాబు కోసం ఆగాం, అని ఉందట. ఎవరూ తీసి పారెయ్యలేదు. ఆ అమ్మాయి నవ్వుతూ, మరి మొదలుపెట్టమంటారా అని అడిగింది.

కానివ్వండి అన్నాను. కస్టమరు పేరు మార్చాలా అంది. వద్దన్నాను. నాలుగైదు నెలలు పడుతుందట. అంటే ఈ అక్టోబర్ జింకల సీజన్ నాకు లేనట్టే. లాటరీలో వచ్చిన వేట అనుమతి ట్యాగు పోయినట్టే.

సెప్టెంబర్ 5

పాత చాంబర్ తీసేశారు. మరలున్న చివర అంతా కోసేసి, కొత్త మరలు ఇంకా ముందుకి వెయ్యాలి. అంటే పేరున్న చోట. ఆర్లో నన్ను ఒకటికి రెండుసార్లు అడిగాడు. బ్యారెల్ ఇలాగే ఉంచి గోడకి తగిలించుకోవచ్చు, ఇంకో బ్యారెల్ వేద్దాం అన్నాడు. గోడకి తగిలించే రైఫిల్ నాకొద్దన్నాను. ధైర్యంగానే అన్నాను.

లేత్ పట్టాక చూడలేకపోయాను, చూడకుండా ఉండలేకపోయాను. మొదటి కోతకి అక్షరాలు పలచబడ్డాయి. రెండో కోతకి ‘హా’ ఉండీ లేనట్టుంది. మూడోదానికి నున్నగా మెరిసే ఉక్కు. ట్రేలో చుట్టలు చుట్టలుగా రజను. నా పేరు ఏ చుట్టలో ఉందో ఎవరు చెప్తారు? ఏడుపొచ్చింది. కారులో కూర్చుని ఏడ్చాను, తర్వాత సాండ్‌విచ్ తిన్నాను.

అక్టోబర్ 12, శనివారం

సీజన్ మొదలు. డ్వేన్ తన రైఫిల్‌తో వెళ్ళాడు. నేను అలమరలు సర్దాను. మధ్యాహ్నానికి జింక తెచ్చాడు, నాకు కనిపించేలా ఊపుకుంటూ లోపలికి రాలేదు. పాపం మంచివాడే.

2014 ఫిబ్రవరి 6

రీమర్ వచ్చింది. నా పాతదాన్ని పక్కన పెట్టి చూశాను. భుజాలు ఒకటే వాలు. ఆవిడది మెడ దగ్గర నెమ్మదిగా, తీరిగ్గా సాగుతుంది. నాది తొందరపడ్డట్టుంది.

ఆవిడని అడగాలనుంది, ఆ కొలత ఎలా తట్టిందని. కంప్యూటరు లేదు, పుస్తకాలు షాపులో మొగుడి చేతిలో. వంటింటి బల్ల మీద, ధాన్యం ఆర్డర్ ఫారం వెనక. ఇరవై ఏళ్ళు వారానికి ఆరు రోజులు ఆ గుట్ట కిందకో పైకో వెళ్ళినదాన్ని. ఒక్కరోజు కారు ఆపి అడిగుంటే మేమిద్దరం ఎన్ని మాట్లాడుకునేవాళ్ళం.

మార్చి 14

తొలవడం అయింది. పేరు దగ్గర ఆగింది.

ఆర్లో అక్షరాల పెట్టె తెరిచి, రూలు ప్రకారం హాగెన్ కొడతానన్నాడు. కాగితం గీసినవాళ్ళది కాదు, కాల్చినవాళ్ళది పేరు అన్నాడు. తన పెళ్ళాం పేరు పెట్టమని నన్ను అడుక్కున్నట్టు ఉండకూడదని ఆయన పట్టుదల. వద్దన్నాను. పేరు ఆవిడదే అన్నాను. సరే ఫిస్క్ కొడతానన్నాడు.

“ఫిస్క్ మీ పేరు కదా,” అన్నాను.

ఆయన అచ్చుల్లోంచి ‘బి’ ఏరాడు. ఏడు అక్షరాలు, ఏడు దెబ్బలు. మధ్యలో రెండుసార్లు ఆగి అచ్చు తుడిచాడు. చివరి అక్షరం వెంట్రుకవాసి పైకి పోయింది. ఆయన పనిలో వంకర చూడడం ఇదే మొదటిసారి. భూతద్దం పెట్టి చూసి, నూనె రాశాడు.

మొదటి గుండు పేరున్నవాళ్ళు కాల్చాలి. ఆవిడ లేదు. నన్ను కాల్చమన్నాడు, నేను ఆయన్నే కాల్చమన్నాను. ఇసుక గుట్ట ముందు కాసేపు మీరంటే మీరని వాదించుకున్నాం. ఆఖరికి ఆయనే కాల్చాడు. తన్ను చాలా తక్కువ అన్నాడు. అది తెలిసే గీసింది అన్నాడు. బెర్నిస్ బక్కమనిషి.

ఏప్రిల్ 19

వంద గజాలు. మూడు గుళ్ళు. పైన పాతిక సెంట్ల నాణెం పెడితే మూడూ దాని కిందకే వచ్చాయి.

ఇంకో మూడు. అంతే. ఇంకో మూడు. గస్ నోరు మూతపడింది, అదే పెద్ద విషయం. కాగితం ఆర్లోకి ఇచ్చాను. గోడకి పెడతాడనుకున్నాను. మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

సంతోషమే. కుళ్ళు కూడా ఉంది, తగ్గిందనుకున్నప్పుడల్లా పొడుచుకొస్తుంది. నా మెడతో ఎన్నటికీ పడని గుళ్ళు.

అక్టోబర్ 11, శనివారం, ఉదయం 10

ఈసారీ ట్యాగు వచ్చింది. జూడిత్ నది పైన, సేజ్ పొదల్లో. రెండు వందల డెబ్బై గజాలు. గాలి ఎడమ నుంచి. బోర్లా పడుకుని, బ్యాగు మీద ఆనించి, ఒక్కటే కాల్చాను. జింక నాలుగడుగులు వేసి పడింది. భుజానికి ఏమీ తెలియలేదు.

ఆ ముందరి నిమిషం రాసుకోవాలి. వేలు ట్రిగ్గర్ మీద పెట్టాక బ్యారెల్ మీద ఏం రాసుందో నాకు గుర్తే లేదు. ఎవరి పేరూ లేదు. జింక, గాలి, నేను. ఇలా ఉంటుందన్నమాట.

అక్టోబర్ 13

డ్వేన్‌తో చిన్న గొడవ. రైఫిల్ ఫిస్క్ ఇంట్లో ఉండాలి, ప్రతి అక్టోబర్‌లో నేను వెళ్ళి అడిగి తెచ్చుకుంటాను అన్నాను. కష్టపడి కట్టించుకుని దానం చేస్తావా, నీకు మతి పోయిందన్నాడు. దానం కాదు. పేరెవరిదో వాళ్ళ చిరునామాకి చేర్చడం. నీ ఉద్యోగం అయిపోయింది పోస్టమ్మా అన్నాడు. ఒక్కటి మిగిలిందన్నాను. అప్పుడు మాంసం పొట్లాల్లో రెండు మంచివి తీసి, ఇవి కూడా పట్టుకెళ్ళు అన్నాడు.

అక్టోబర్ 14, మధ్యాహ్నం

హైవే దగ్గర ఆగలేదు. గుట్ట ఎక్కాను. అర మైలే. ఇంటి తలుపు కొట్టాను. ఆర్లో భోజనం మధ్యలో లేచి వచ్చి, నా చేతిలో రైఫిల్ పెట్టె చూశాడు.

“షాపు కిందుంది,” అన్నాడు.

తెలుసన్నాను.